ఆ స్లైడ్ నేను చదవాలా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, కంపెనీ వివరాలు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ముప్ఫై రెండేళ్లు. డేటా సెంటర్లలో నీళ్లను చల్లబరిచే చిల్లర్లు, పంపులు, ఫ్యాన్లు ఎప్పుడు ఎంత నడవాలో ఏఐ చేత నిర్ణయింపజేసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ పెట్టిన చోట కూలింగుకు అయ్యే కరెంటు నిజంగానే తగ్గింది. భర్తది కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. మియాపూర్‌లో ఫ్లాటు, దాని ఈఎంఐ, నాలుగేళ్ల పాప. అత్తమామలు వీళ్లతోనే ఉంటారు. మామగారు థర్మల్ స్టేషన్‌లో షిఫ్ట్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు.

వచ్చే నెల విశాఖపట్నంలో, ఆమె చదువుకున్న ఇంజనీరింగ్ కాలేజీలో టెక్ ఫెస్ట్ ఉంది. కంపెనీ తరఫున వెళ్లి మాట్లాడమన్నారు. పంపిన స్లైడ్లలో ఒకదాని మీద ‘ఏఐ తన కరెంటు ఖర్చును తానే తీర్చేస్తుంది’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ మాట ఆమెకు నోట రావడం లేదు. ఎందుకంటే ఒక సెంటర్‌లో వీళ్లు ఆదా చేసిన కరెంటు లెక్కలో కనబడగానే, అక్కడివాళ్లు ఆ మేరకు కొత్త సర్వర్ ర్యాకులు దింపడం ఆమె కళ్లారా చూశారు. గరిష్ఠంగా ఇంత కరెంటు తీసుకుంటామని డిస్కంతో రాసుకున్న కాంట్రాక్ట్ డిమాండ్ ఒక్క కిలోవాట్ కూడా తగ్గలేదట.

ఇంట్లో ఇంకో బాధ. డేటా సెంటర్ల గురించి పేపర్లో వచ్చిన ప్రతి వార్తా మామగారు కత్తిరించి ఆమె ల్యాప్‌టాప్ పక్కన పెడుతున్నారు. ‘ఒక్క ప్రశ్న అడిగితే లీటరు నీళ్లు ఖర్చట’ అంటారు. మొన్న చుట్టాల ముందు భోజనాల దగ్గర ‘మీ మెషీన్ మింగే కరెంటును ఆ మెషీనే పుట్టిస్తుందా అమ్మా?’ అన్నారు. అందరూ నవ్వారు. అప్పటినుంచి ఆమె ఆయనతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ‘ఉన్నది చదివేసి వచ్చెయ్, టెన్షన్ ఎందుకు’ అంటారు భర్త. అత్తగారు ఎటూ మాట్లాడరు.

ఆమె అడిగినవి మూడు. ఆ స్లైడ్ చదవాలా, మానాలా? మామయ్యతో ఎలా మాట్లాడాలి? అసలు నేను చేసే పని మంచిదేనా, లేక పెద్ద అబద్ధంలో నేనూ ఓ చెయ్యి వేస్తున్నానా?

*

అమ్మా, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మొదటిది సగం తేలిపోతుంది.

ఆ ర్యాకుల దగ్గర మీరు చూసిన సంగతి కొత్తదేం కాదు. 1865లోనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ బొగ్గు విషయంలో దీన్ని పట్టుకున్నాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం మొదలెట్టాక దేశం కాల్చే బొగ్గు పెరిగింది. పని చవకైంది కాబట్టి ఇంకా ఎక్కువ చోట్ల యంత్రాలు పెట్టుకున్నారు మరి. 2025 జనవరిలో చైనా కంపెనీ డీప్‌సీక్ తక్కువ ఖర్చులో ఏఐ మోడల్ తయారుచేసి అందరినీ ఉలిక్కిపడేలా చేసినప్పుడు, మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఈ జెవన్స్ పేరే తలుచుకున్నారు. చవకైతే ఏఐ వాడకం ఆకాశానికి వెళ్తుందని ఆయన సంబరం. కరెంటు వైపు నుంచి చదివితే మీ మామగారి వాదన కూడా అదే.

అనంతపురం వైపు డ్రిప్ వేసుకున్న రైతుల్ని చూడండి. చెట్టుకు పోయే నీళ్లు నిజంగానే తగ్గుతాయి. మిగిలిన నీళ్లతో చాలామంది ఇంకో ఎకరం చీనీ పెట్టుకుంటారు. రైతుకు ఆదాయం పెరిగింది, అందులో తప్పేమీ లేదు. కానీ బోరులో నీటిమట్టం మాత్రం పైకి రాదు. డ్రిప్ అమ్మే కంపెనీ ‘మా పైపులు నీళ్లు ఆదా చేస్తాయి’ అంటే నిజం. ‘మా పైపులు భూగర్భజలాన్ని నింపేస్తాయి’ అంటే కాదు. మీకు ఇచ్చిన స్లైడ్ ఈ రెండో రకం మాట అంటోంది.

అలాగని ఆదా చేసినదంతా ఎప్పుడూ వాడకంలో కొట్టుకుపోతుందనుకోవద్దు. మీ మామగారికి నచ్చని లెక్క ఒకటుంది. 2010 నుంచి 2018 మధ్య ప్రపంచ డేటా సెంటర్లలో జరిగే పని 550 శాతం పెరిగితే, కరెంటు వాడకం పెరిగింది సుమారు 6 శాతమే. 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇది. మంచి సర్వర్లు, మంచి కూలింగు కలిసి ఆ పెరుగుదలను దాదాపు మొత్తం మింగేశాయి. అంటే మీలాంటివాళ్ల పని ఒకప్పుడు గెలిచింది. ఏఐ చిప్పులు వచ్చాక పరుగు వేగం మారింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 ఏప్రిల్ నివేదిక ప్రకారం 2024లో డేటా సెంటర్లు 415 టెరావాట్ అవర్లు వాడాయి, మన లెక్కలో 41,500 కోట్ల యూనిట్లు. ప్రపంచ కరెంటులో ఒకటిన్నర శాతం. 2030కల్లా ఇది 94,500 కోట్ల యూనిట్లకు చేరొచ్చని ఆ సంస్థ అంచనా. ఇవాళ జపాన్ దేశమంతా వాడేదానికంటే కాస్త ఎక్కువే.

మీ పనికి ఒక పైకప్పు కూడా ఉంది. మీకు తెలియనిది కాదు, చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. సర్వర్లు 100 యూనిట్లు వాడే చోట మిగతా హంగులకు ఇంకో 50 అవుతున్నాయనుకుందాం. అందులో కూలింగ్ 40. మీరు దాన్ని పాతిక శాతం తగ్గించారు, 10 యూనిట్లు మిగిలాయి. మొత్తం 150లో 10, అంటే ఏడు శాతం లోపే. కూలింగును పూర్తిగా మాయం చేసినా సర్వర్లు తినే ఆ 100 అలాగే ఉంటుంది. తన ఏఐ విభాగం డీప్‌మైండ్ సాయంతో కూలింగ్ కరెంటును 40 శాతం దాకా తగ్గించామని గూగుల్ 2016లో ప్రకటించింది. 2023లో తన కాలుష్య వాయువులు 2019 నాటికంటే 48 శాతం ఎక్కువని అదే గూగుల్ 2024 నివేదికలో రాసుకుంది. రెండూ నిజాలే. రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడేవాళ్లే తక్కువ.

కాబట్టి మీ పని అబద్ధం కాదు. ఒక యూనిట్ కరెంటుతో ఎక్కువ పని చేయించడం నిజమైన పని, కొలిచి చూపించగల పని. మీకు గుచ్చుకుంటున్నది దాని మీద అతికించిన రెండో వాక్యం.

ఆ రెండో వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. గూగుల్ మాజీ అధిపతి ఎరిక్ ష్మిట్ 2024 అక్టోబరులో దాదాపు ఇదే అన్నారు: వాతావరణ లక్ష్యాలు ఎలాగూ అందుకోలేం, ఏఐకి కళ్లెం వేసే బదులు అదే ఈ సమస్యను పరిష్కరిస్తుందని పందెం కాస్తాను అని. పందెం ఆయనది. ఓడితే కట్టేదెవరో ఆయన చెప్పలేదు. జనానికి అనుమానం వచ్చేది ఇక్కడే. అనుమానపడే వాళ్లంతా టెక్నాలజీ అర్థంకానివాళ్లని మీ కంపెనీ అనుకుంటూ ఉండొచ్చు. ఐర్లండ్‌లో మీటరెక్కే కరెంటులో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం, 2024కి 22 శాతం. అక్కడివాళ్లు లెక్క అర్థమయ్యే భయపడ్డారు. అమెరికాలో టూసాన్ నగర కౌన్సిల్ 2025 ఆగస్టులో ఒక పెద్ద డేటా సెంటర్ ప్రాజెక్టును ఏకగ్రీవంగా కాదంది, కరెంటు, నీళ్ల గురించి ఊరివాళ్లు గట్టిగా అడిగాక.

నన్నడిగితే కంపెనీల మాటలకంటే సంతకాలు చూడమంటాను. మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ఏం చేసింది? పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో 2019లో మూసేసిన యూనిట్‌ను మళ్లీ తెరిపించి, ఆ కరెంటు కొనేందుకు ఇరవై ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ఆ కేంద్రంలో 1979లో అణు ప్రమాదం జరిగింది, అది పక్క యూనిట్లో. ఏఐ తన కరెంటు తానే సంపాదించుకుంటుందన్న నమ్మకం నిజంగా ఉన్నవాళ్లు ఇరవై ఏళ్లకు పాత రియాక్టర్ మాట్లాడుకోరు. వాళ్లను తప్పుబట్టడానికి చెప్పడం లేదు. బొగ్గుకంటే అది నయమే. కరెంటు కావాలంటే ప్లాంటు కావాలని వాళ్లకూ తెలుసని చెప్పడానికి.

ఏఐ వల్ల ఇంధన రంగానికి మేలే లేదా అంటే ఉంది. గాలి ఎప్పుడు ఎంత వీస్తుందో ముందు రోజే అంచనా వేయడం, గ్రిడ్‌లో లోపాలు త్వరగా పట్టుకోవడం, కొత్త బ్యాటరీ పదార్థాలు వెతకడం. 2022లో స్విట్జర్లాండ్‌లోని ఒక ఫ్యూజన్ (అణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే) ప్రయోగంలో ప్లాస్మా అనే అతివేడి వాయువును అదుపులో పెట్టడానికి డీప్‌మైండ్ సాయపడింది. ఇలాంటివి విరివిగా వాడితే తగ్గే కాలుష్యం డేటా సెంటర్లు చేసే కాలుష్యం కంటే ఎక్కువే కావచ్చని నేను పైన చెప్పిన ఇంధన సంస్థే అంది. అది దానంతటదే జరిగిపోయే సూచనలు మాత్రం లేవని కూడా అంది. మన కరెంటు కష్టాల్లో చాలా భాగం తెలివి చాలక వచ్చినవి కావు. లైన్లు వేయడానికి భూమి దొరకదు, ట్రాన్స్‌ఫార్మర్లు సమయానికి రావు, డిస్కంల దగ్గర డబ్బుండదు. ఎంత గొప్ప మోడలైనా టవర్ పాతిపెట్టదు. పైగా ఫ్యూజన్ ఎప్పుడో రావాలి, బొగ్గు వ్యాగన్లు ఇవాళే కదలాలి.

ఇక కాలేజీ సంగతి. మీరు మాట్లాడబోయేది మామూలు ఊళ్లో కాదు. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ముందు వరసలో కూర్చున్న ఏ ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) కుర్రాడైనా లెక్క కడతాడు: వెయ్యి మెగావాట్ల లోడు నెలంతా ఆగకుండా నడిస్తే 72 కోట్ల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లయితే 36 లక్షలు. పరవాడలోని సింహాద్రి థర్మల్ మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు, అందులో సగం. సోలార్ ఉందిగా అని మీరంటే, రాత్రి తొమ్మిదికి ఏం చేస్తారని అడుగుతాడు. కర్నూలు వైపు పిన్నాపురంలో, పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే పంప్‌డ్ స్టోరేజీ లాంటివి దానికే అని చెప్పొచ్చు. అవి ఎవరి వంతుకు ఎంత వస్తాయన్నది తర్వాతి ప్రశ్న. డిస్కం అనుకున్నదానికంటే ఎక్కువ ధరకు కరెంటు కొంటే ఆ తేడా ట్రూఅప్ చార్జీలుగా వాళ్ల నాన్న బిల్లులోకి వస్తుందని ఆ కుర్రాడికి ఇంట్లోనే తెలిసి ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీ ఆయన చెప్పినట్టు చదివేసి రావచ్చు. చాలావరకు ఏమీ జరగదు, చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. ఇలా చేసేవాళ్లను నేను తిట్టను, ఇల్లు నడవాలి. అయితే వీడియో ఉంటుంది, కింద మీ పేరుంటుంది. ‘ఆదా అయిన కరెంటు ఎక్కడికి పోయింది మేడమ్’ అని ఎవరైనా అడిగితే మీకు జవాబు తెలుసు, చెప్పలేరు. ఆ ఇబ్బంది మీరు ఎంత మొయ్యగలరో మీకే తెలియాలి. మీ ఉత్తరం పొడవు చూస్తే ఎక్కువ మొయ్యలేరనిపించింది.

అసలు వెళ్లనని చెప్పొచ్చు. మనసు తేలికపడుతుంది. మీ బదులు మార్కెటింగ్ నుంచి ఎవరో వెళ్లి అదే స్లైడ్ ఇంకా ఉత్సాహంగా చదువుతారు, అంతే తేడా.

కంపెనీ పేరు లేకుండా పూర్వ విద్యార్థినిగా మాత్రమే మాట్లాడతానని కాలేజీతో అనొచ్చు. ఈ ఆలోచన వస్తే ముందు మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. బయట మాట్లాడాలంటే అనుమతి కావాలన్న షరతు చాలా కంపెనీల్లో ఉంటుంది. అనుమతి లేకుండా వెళ్తే, మీరు చెప్పింది నిజమా కాదా అన్నది పక్కకు పోయి నిబంధన తప్పారన్నదే మిగులుతుంది. ఆ సెంటర్‌లో చూసిన ర్యాకుల సంగతి క్లయింటుది కూడా. గుర్తుపట్టేలా ఎక్కడా చెప్పకండి.

నేను మొగ్గేది మరో దారికి. స్లైడ్ మార్పించడానికి ప్రయత్నించండి. ‘ఇది అబద్ధం’ అని మొదలుపెడితే మేనేజర్ తలుపు మూసేస్తాడు. ‘విశాఖలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఈ వాక్యానికి మన దగ్గర లెక్క ఏముంది?’ అని మెయిల్లో అడగండి. పక్కనే బదులు వాక్యం మీరే రాసివ్వండి: ‘డేటా సెంటర్లలో కూలింగుకు అయ్యే కరెంటును మా సాఫ్ట్‌వేర్ తగ్గిస్తుంది’ అని, కొలిచిన అంకెతో సహా. నిరూపించలేని గొప్పలు చెప్పడం చట్టపరంగా చిక్కు తెస్తుంది కాబట్టి, కంపెనీల్లో లీగల్ వాళ్లే ఒక్కోసారి ఇలాంటి సవరణకు సంతోషిస్తారు. నష్టం కూడా చెప్పాలి. వాళ్లు కుదరదంటే మీరు ఇప్పటికంటే ఇరుకున పడతారు, అభ్యంతరం రాతలో ఉండిపోతుంది కాబట్టి. అప్రైజల్ నెల దగ్గర్లో ఉంటే ముందు నోటిమాటగా కదిపి, గాలి ఎటుందో చూసుకుని మెయిల్ పెట్టండి. ఈఎంఐ ఉన్నవాళ్లు ఇలా ఆలోచించడంలో సిగ్గుపడాల్సింది లేదు.

ఉద్యోగం మానేయాలా అని మీరు అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తను.

మీ మామగారి దగ్గరికి వద్దాం. ఆయన అన్నదాంట్లో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. లీటరు నీళ్ల మాట చెల్లదు. తన చాట్‌బాట్ జెమినీలో ఒక మామూలు ప్రశ్నకు 0.24 వాట్ అవర్ కరెంటు, మిల్లీలీటరులో పావు వంతు నీళ్లు పడతాయని గూగుల్ 2025 ఆగస్టులో లెక్క ఇచ్చింది. అంటే ఒక యూనిట్ కరెంటుతో నాలుగు వేల పైచిలుకు ప్రశ్నలు. అది కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న లెక్క, మోడల్‌కు శిక్షణ ఇచ్చే ఖర్చు అందులో లేదు, వీడియోలు తయారుచేయడం వేరే సంగతి. ఇవన్నీ తీసేసినా లీటరు ఎక్కడ, ఆ చుక్కలెక్కడ? ఇక ఒప్పేమిటంటే, ఒక్కో ప్రశ్న చిన్నదైనా మొత్తం పెద్దది, ఆ మొత్తాన్ని ఎవరూ తగ్గించడం లేదు. ర్యాకుల దగ్గర మీరు కనిపెట్టింది కూడా ఇదే. మీరిద్దరూ ఒకే పక్షంలో ఉండి పోట్లాడుకుంటున్నారేమోనని నా అనుమానం.

మరి ఆ ఎకసెక్కం ఎందుకు? నేను ఊహిస్తున్నాను, తప్పయితే వదిలేయండి. ఆయన బూడిదలో, బాయిలర్ వేడిలో, నైట్ షిఫ్టుల్లో జీవితం గడిపారు. రిటైరయ్యేసరికి బొగ్గు కరెంటు అంటే పాపం అన్నట్టు లోకం మాట్లాడటం మొదలెట్టింది. ఇప్పుడు అదే బొగ్గు మళ్లీ కావాలి, ఈసారి చిప్పుల కోసం. దాన్ని భవిష్యత్తు అంటున్నారు, ఆయన చేసినదాన్ని కాలుష్యం అంటున్నారు. ఆయన వార్తల కత్తిరింపుల్లో ఈ కోపం కాస్త ఉండొచ్చు. మీకేమో ఆయన నవ్వులో ‘నీ ఉద్యోగం మోసం’ అన్నట్టు వినబడింది. చుట్టాల ముందు అనడం మాత్రం ఆయన తప్పే. అది మీరు సర్దుకుపోవాల్సిన పని లేదు. ‘మామయ్యా, ఆ రోజు అందరి ముందు అలా అనడం నాకు బాధేసింది’ అని నేరుగా చెప్పండి. మీ ఆయన చేత చెప్పిస్తే తండ్రీకొడుకుల గొడవగా మారి ఇంకో నెల నడుస్తుంది.

అది చెప్పాక స్లైడ్లు ఆయన ముందు పెట్టొచ్చు, స్లైడ్లు బయటివాళ్లకు చూపించదగ్గవే అయితే. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోయిన రాత్రి ఏం జరుగుతుందో, ప్లాంటులో ఒక యూనిట్ ట్రిప్ అయి ఆగిపోతే తిరిగి ఎక్కించడానికి ఎన్ని గంటలు పడుతుందో, ఇరవైనాలుగు గంటలూ ఒకేలా ఉండే లోడు మంచిదా కాదా, మీ క్లాసులో ఎవరికీ తెలియనంత ఆయనకు తెలుసు. ఆ ఈఈఈ కుర్రాడు అడగబోయే ప్రశ్నలన్నీ ఆయన ముందే అడిగేస్తారు. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. కొందరు పెద్దవాళ్లు వెటకారం ఆపరు. అలాగైతే ‘ల్యాప్‌టాప్ పక్కన కాగితాలు పెట్టకండి, ఆదివారం కూర్చుని మాట్లాడుకుందాం’ అని హద్దు గీసుకోండి, అది మర్యాద తప్పడం కాదు.

ఒకవేళ మేనేజర్ నుంచి ఏ జవాబూ రాకుండానే ఫెస్ట్ తేదీ వచ్చేస్తే, స్లైడ్ తెర మీద ఉండనివ్వండి, మీ నోటితో మాత్రం మీరు కొలిచింది చెప్పండి. ‘ఇది కంపెనీ ఆశ. నేను చూపించగలిగింది కూలింగ్ తగ్గింపు. మొత్తం వాడకం తగ్గాలంటే నాలాంటి ఇంజనీర్ల చేతిలో లేని నిర్ణయాలు కావాలి’ అంటే సరిపోతుంది. ఆ మూడు వాక్యాలూ ముందుగా మేనేజర్‌కు మెయిల్లో పంపి ఉంచండి.